అన్నయ్యగారికి ఒక ప్రశ్న

సోమవారం, భోజనాల వేళ

ఏమండీ,

ఈ కాగితాన్ని మీ పనిముట్ల పెట్టెలో, సూదుల డబ్బా కింద పెడుతున్నాను. నా ముఖం చూడకుండా రోజు గడిపేయగలరు గానీ ఆ పెట్టె తెరవకుండా గడపలేరు కదా! చూశారా, మొదట్లోనే దెప్పేశాను. ఏం చేయను, నా నోరు అంతే. ప్రేమగా మొదలుపెడదామని రెండు కాగితాలు చింపాను. మూడోది చింపే ఓపిక లేదు.

ఆసుపత్రిలో నా కౌంటరు కిటికీ దించేసి, రోగుల వివరాలు రాసుకునే ఫారాల వెనకవైపు ఇది రాస్తున్నాను. పక్కన కూర్చుని భోజనం డబ్బా విప్పుకుంటున్న నర్సమ్మ "ఏంటక్కా, ఈ వయసులో లవ్ లెటరా?" అని కన్ను గీటుతోంది. "కాదే తల్లీ, ఫిర్యాదు" అన్నాను. ఈ సంగతంతటికీ మూలం ఆ పిల్లే. పాపం, తనకి తెలీదు.

రెండు నెలల కిందట తను ఒక పాత కుట్టుమిషన్ తెచ్చుకుంది. కింద దారం ముడిపడిపోతోందని రోజూ గోల. మిషన్లు బాగుచేసే మిమ్మల్ని అడిగి చెప్దామనుకుంటూనే మర్చిపోయేదాన్ని. ఒకరోజు ఫోన్ పట్టుకుని ఎగురుకుంటూ వచ్చింది. "అక్కా, దొరికేశాడు! నెట్‌లో మిషన్ అన్నయ్య అని ఒకాయన ఉన్నాడు. ఎవరేం అడిగినా ఎంత ఓపిగ్గా చెప్తాడో చూడు. మా ఆయన ఇందులో సగం మాట్లాడినా నెత్తిన పెట్టుకుని చూసుకుందును" అంది. సరే చూద్దామని తీసుకున్నాను. సూది మార్చేటప్పుడు కింద పాత గుడ్డ పరచుకోండి, స్క్రూ జారిపడినా దొరుకుతుంది అని రాసి ఒక ఫొటో పెట్టారు. ఆ గుడ్డ మన దిండు గలీబు. నీలం చారలది. నీలం దారం అయిపోతే మూలన నేను ఆకుపచ్చ దారంతో వేసిన అతుకు కూడా కనిపిస్తోంది. "బాగానే చెప్తున్నాడే" అని మాత్రం అనేసి ఫోన్ ఇచ్చేశాను.

ఆ తర్వాత వారం రోజులు బస్సులో మొత్తం చదివాను. నాలుగేళ్ళుగా రాస్తున్నారట! ఎవరైనా అడగొచ్చు, ఎవరైనా చదవొచ్చు. లోకమంతటికీ తెరిచి పెట్టిన పేజీ నా ఒక్కదానికే తెలీదు. దారం తెగుతోందని మొదలుపెట్టిన ఆడవాళ్ళు మెల్లగా కూతురు మాట వినడం లేదనీ, ఒంటరిగా ఉండాలంటే భయంగా ఉందనీ చెప్పుకున్నారు. అందరికీ మీరు జవాబిచ్చారు. భర్త పోయాక మిషన్ ముట్టుకోవాలంటే ఏడుపొస్తోందని ఒకావిడ రాస్తే, "ఇప్పుడే కుట్టకండమ్మా. రోజూ కాస్త నూనె వేసి చక్రం ఊరికే తిప్పండి. కుట్టాలని మీకు అనిపించే రోజు వస్తుంది. తొందర లేదు" అని రాశారు. అది చదివి బస్సులో అందరి ముందూ ఏడ్చాను. ఇంటికొచ్చి "ఈరోజు బస్సులో సీటు దొరికింది" అంటే మీరు "ఊ" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మన ఫోన్లలో ఈ నెల మీరు నాకు పంపినవి చూసుకున్నాను. సరే. సరే. వస్తున్నా. సరే. ఒక బొటనవేలి బొమ్మ. సరే. ఊరూ పేరూ తెలియని ఆడవాళ్ళకి పేజీలకి పేజీలు, కట్టుకున్నదానికి బొటనవేలు!

మీకు నత్తి ఉందని పెళ్ళికి ముందే తెలుసు. దాన్ని ఒక్కనాడు తప్పుపట్టలేదు. మీ నోరు నేనే అనుకున్నాను. మీరు మొదటి మాట దగ్గర ఆగితే మిగతాది నేనందుకున్నాను. మీ అన్నగారితో, ఇంటి యజమానితో, బస్సు కండక్టరుతో అన్నీ నేనే మాట్లాడాను. కౌంటరులోనూ అంతేగా. మనిషి "మోకా" అనేసరికే "మోకాళ్ళ నొప్పి, మూడో గది" అని రాసేస్తాను. నా వరస కదిలినట్టు ఇంకే వరసా కదలదని పెద్ద డాక్టరుగారే అన్నారు. మిమ్మల్నీ అలాగే ఇబ్బంది పడనివ్వకుండా చూసుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. రెండోసారి కూడా కడుపు నిలవనప్పుడు, డాక్టరమ్మ "మళ్ళీ ప్రయత్నిస్తారా?" అని మిమ్మల్ని అడిగింది. మీరు "మాకిక పిల్లలు" అని ఆగిపోయారు. మీ పెదవులు వణుకుతున్నాయి. ఆ మాట మీ చేత అనిపించడం ఇష్టం లేక "వద్దులెండి డాక్టరమ్మా, ఆయనకిక వద్దట" అని నేనే అనేశాను. నాకు కావాలని ఉండేది. చాలా ఉండేది. అయినా మీరు ఇంకో దెబ్బ తట్టుకోలేరని మీకోసం అన్నాను. పన్నెండేళ్ళుగా దాని గురించి ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఇప్పుడు ఆడుతున్నాను.

ఇక నేను చేసిన వెధవపని. పది రోజుల కిందట "కిటికీ పక్క మనిషి" అని పేరు పెట్టుకుని మీ పేజీలో ప్రశ్న రాశాను. "అన్నయ్యగారూ, మా ఆయన నాతో మాట్లాడరు. ఇంట్లో ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాని మీద ఎప్పుడూ ఇస్త్రీ చేయాల్సిన బట్టలే ఉంటాయి, ఎదురుగా కూర్చునే పనే లేదు. నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోవాలా?" అని. కట్టుకున్న మొగుణ్ణి అన్నయ్యగారూ అని పిలవాల్సి వచ్చింది నాకు! సిగ్గుతో చచ్చాను. మూడు రోజులకి మీ జవాబు వచ్చింది.

"అమ్మా, మీ ప్రశ్న చాలాసార్లు చదివాను. ఫోన్‌లో కాకుండా కాగితం మీద ఆయనకి ఉత్తరం రాయండి. మర్యాద చూసుకోకుండా ఉన్నదంతా రాయండి. జవాబుకి నాలుగు రోజులివ్వండి. రాకపోతే మీరు వెళ్ళిపోవడమే మంచిది. మాట్లాడని మనిషి పక్కన మీరు అరిగిపోకూడదు."

నన్ను మొదటిసారి "మీరు" అన్నారు. అమ్మా అన్నారు. వెళ్ళిపొమ్మన్నారు. కింద నలభై మంది "అన్నయ్య చక్కగా చెప్పారు" అని మెచ్చుకున్నారు కూడా.

ఉద్యోగం మాట అబద్ధం కాదు. మా ఆసుపత్రి వాళ్ళు వేరే ఊళ్ళో తెరుస్తున్న కొత్త దాంట్లో కౌంటర్లన్నీ నన్నే చూసుకోమన్నారు. ఉండడానికి క్వార్టర్సు ఇస్తారు. శుక్రవారం నాటికి కాగితం నింపి సంతకం పెట్టాలి. మీ సలహా ప్రకారమే ఉత్తరం రాశాను. మీ సలహా ప్రకారమే శుక్రవారం దాకా చూస్తాను. తర్వాత వెళ్తాను.

మీ ఇంట్లో ఉండే ఆడమనిషి


బుధవారం, పొద్దున, దుకాణంలో

నా రైలుబండికి,

ఈ పేరు నీకు తెలియదు. నువ్వు మాట్లాడడం మొదలుపెడితే స్టేషన్ వచ్చేదాకా ఆగవని పెళ్ళైన కొత్తలో పెట్టుకున్నాను. నా ఫోన్‌లో నీ నంబరు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. పైకి పిలుద్దామంటే ఆ మొదటి అక్షరం నాకు రాదు.

నువ్వు కోప్పడే సంగతి ముందు చెప్తాను. ప్రశ్న నీదేనని నాకు తెలుసు. బల్ల దగ్గర కూర్చుని చదువుతూ "రెండు కుర్చీల్లో ఒకదాని మీద" అన్నచోట తలెత్తాను. ఎదురుగా ఆ కుర్చీ, దాని మీద నీ చీర, నా చొక్కాలు. నువ్వు లోపల గదిలో ఏదో సర్దుతున్నావు. పరాయివాళ్ళకి రాసినట్టు రాశావు, నేనూ పరాయివాడిలా రాద్దామనుకున్నాను. ఆ పేజీలో ఇప్పటిదాకా ఎవరికీ అబద్ధం చెప్పలేదు. మూడు రోజులు ఆలోచించాను. ఆ ప్రశ్న ఇంకెవరైనా అడిగితే ఏం చెప్తానో అదే నీకూ చెప్పాలి. వెళ్ళిపోవడమే మంచిదని నిజంగానే అనుకున్నాను. రెండుసార్లు రాసి చెరిపేశాను. అయినా రాశాను. ఒక్క నాలుగు రోజుల మాట మాత్రం నాకోసం రాసుకున్నాను.

వాళ్ళకి అంతంత రాసి నీకు సరే అని ఎందుకు పంపుతానని అడిగావు. ఆ పేజీలో ఒక్క వాక్యానికి నాకు అరగంట పట్టినా ఎవరికీ తెలియదు. రాస్తాను, చెరిపేస్తాను, లేచి ఒక మిషన్‌కి నూనె వేసి వచ్చి మళ్ళీ రాస్తాను. వాళ్ళకి పూర్తయినదే కనిపిస్తుంది. నీకు ఫోన్‌లో రాయడం మొదలుపెడితే, నేను రాస్తున్నట్టు నీ ఫోన్‌లో కనిపిస్తుంది. పూర్తయ్యేలోపే నువ్వు ఫోన్ చేసేస్తావు. "ఏంటండీ, ఏదో రాస్తున్నారు, చెప్పండి, పాలా? తాళమా?" అంటావు. అప్పుడిక నాకు నోరు పెగలదు. ఊ అంటాను. నువ్వు పాలు తెస్తావు. నేను రాయబోయింది పాల గురించి కాదు. ఒకసారి మా దుకాణం ముందు కొత్త కొళాయి పెట్టారు, దాని కింద పిచ్చుక స్నానం చేస్తోంది, నీకు చెప్దామనుకున్నాను. అంత చిన్న సంగతికి నిన్ను ఆపి, ఆగు అనడం నాకు ఎక్కువ కష్టం. అందుకే సరే అని పంపడం నేర్చుకున్నాను. అది రెండే అక్షరాలు, నువ్వు ఫోన్ చేసేలోపు వెళ్ళిపోతుంది.

నా నోరు నువ్వే అన్నావు. నిజం. నాకు అవమానం జరగకుండా పద్దెనిమిదేళ్ళు అడ్డం నిలబడ్డావు. నీ మంచితనం నాకు తెలుసు కాబట్టే చెప్పలేకపోయాను. కానీ నువ్వు అందుకున్న వాక్యాల్లో సగం నావి కావు. మా అన్నయ్యకి నేను రానని చెప్పలేదు, రెండు రోజులు ఆలస్యంగా వస్తానని చెప్పబోయాను. ఇంటి యజమానితో చెప్పబోయింది తలుపు గురించి కాదు, కిటికీ గురించి. ఇవన్నీ చిన్నవి, పోనీలే అనుకున్నాను.

డాక్టరమ్మ గదిలోది చిన్నది కాదు. నీ ఉత్తరం చదివేదాకా నీకు పిల్లలు వద్దేమో అనుకున్నాను. నేను చెప్పబోయింది ఇది. "మాకిక పిల్లలు పుట్టకపోయినా ఫర్వాలేదు డాక్టరుగారూ, పెంచుకోవాలని ఉంది, ఎవరిని అడగాలి?" అంతకుముందు వారం రోజులు దుకాణంలో తలుపేసుకుని ఆ వాక్యం పలకడం అలవాటు చేసుకున్నాను. "పెంచుకోవాలని" అన్నది కష్టం. మొదటి రెండు మాటలూ బాగానే వచ్చాయి. తర్వాత నువ్వు వద్దులెండి అన్నావు. నీ ముఖంలో తెరిపిన పడ్డట్టు కనిపించింది. నీకు ఈ బాధ ఇక చాలనుకున్నాను. ఇంటికొచ్చి కాగితం మీద రాసి నీకు ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. నువ్వు పైకి నా మాట పూర్తి చేశావు, నేను లోపల నీ మాట పూర్తి చేసుకున్నాను. ఇద్దరం తప్పుగానే అనుకున్నాం. పన్నెండేళ్ళు పోయాయి. నిన్న నీ ఉత్తరంలో "నాకు కావాలని ఉండేది" అన్నది చదివి షట్టరు సగం దించి కూర్చున్నాను. బేరాలొచ్చి వెళ్ళిపోయాయి.

శుక్రవారం నువ్వు సంతకం పెట్టే ముందు ఒక్క సాయం చెయ్యి. ఆ కుర్చీ మీద బట్టలు తీసి ఎదురుగా కూర్చో. నీతో ఒక మాట చెప్పాలి. కాగితం మీద కాదు, నోటితో. చాలా సేపు పట్టొచ్చు. మధ్యలో అందుకోకు. నా ముఖం చూడలేకపోతే గోడ వైపు చూడు. తర్వాత నీ ఇష్టం.

నీ
మిషన్ అన్నయ్య
(అన్నయ్యని చేసిన పాపం నీదే)


శుక్రవారం, చీకటి పడుతుండగా

ఏమండీ,

మీరు వంటగదిలో గిన్నెలు కడుగుతున్నారు, చప్పుడు వినిపిస్తోంది. నోటితో చెప్పొచ్చు కదా అంటారేమో. నేను నోరు విప్పితే మీ వంతు పోతుంది. అందుకని కాగితమే నయం.

మీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన చోట దిగలేదు, చివరి స్టాపులో డ్రైవరు లేపాడు. నిన్న కౌంటరులో ఒక పెద్దాయన కిటికీ దగ్గరకొచ్చి "గుండె" అని ఆగాడు. నా చెయ్యి దానంతటదే రెండో గది అని రాసేసింది. కలం పక్కన పెట్టి ఆగాను. వెనకవాళ్ళు సణిగారు. ఆయన ఊపిరి తీసుకుని "గుండె డాక్టరుగారికి కృతజ్ఞతలు చెప్పడానికొచ్చానమ్మా, మా ఆవిడకి నయమైంది" అన్నాడు. ఏళ్ళ తరబడి ఎంతమందిని ఏయే గదులకి పంపానో! వాళ్ళంతా మీలాగే పోనీలే అనుకుని వెళ్ళి కూర్చుని ఉంటారు. డాక్టరమ్మ గది గురించి క్షమించమని అడగను. అది క్షమించమంటే పోయేది కాదు. మీరు వారం రోజులు ఒంటరిగా ఆ వాక్యం పలుకుతూ కూర్చున్నారన్నది నా ప్రాణం ఉన్నంతవరకూ నాతోనే ఉంటుంది.

సాయంత్రం జరిగింది మీకూ తెలుసు. నా వైపు నుంచి ఎలా ఉందో మాత్రం తెలీదు. బట్టలు మంచం మీద పడేసి కూర్చున్నాను. రెండు కప్పుల టీ పెట్టాను. మీరు "నువ్వు" అన్నారు. తర్వాత మాట రాలేదు. మీ మెడ నరాలు బిగుసుకున్నాయి. నాకు మొత్తం వాక్యం తయారుగా ఉంది, నాలిక చివర దాకా వచ్చేసింది. నువ్వు వెళ్ళొద్దు అనబోతున్నారని నాకు ఖాయం. ఆ మాట అంటే చాలు, కాగితం చింపేద్దామని కూడా నిర్ణయించుకున్నాను. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. మీరు చూసి నవ్వబోయారు, దాంతో ఇంకా ఆలస్యమైంది. టీ మీద మీగడ కట్టింది. పక్కింటివాళ్ళ టీవీలో వార్తలు మొదలై అయిపోయాయి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మిమ్మల్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. మీ ఎడమ కనుబొమలో తెల్లవెంట్రుకలున్నాయి, నాకు తెలీనే తెలీదు.

"నువ్వు సంతకం పెట్టు. నన్నూ తీసుకెళ్ళు."

నేను అందుకుని ఉంటే ఇంకో వాక్యం పోయేదండీ. మీరు నన్ను బతిమాలారనుకుని, నేనేదో త్యాగం చేశాననుకుని, ఇక్కడే ఉండిపోయి మిమ్మల్ని జీవితమంతా సాధించేదాన్ని. నన్నూ తీసుకెళ్ళు అనే మనిషి మీలో ఉన్నాడని నేనెప్పుడూ ఊహించలేదు. ఏడ్చాను. మీరూ ఏడ్చారు. తర్వాత "అక్కడా మిషన్లు చెడతాయి" అన్నారు. అది మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది.

కాగితం నింపడం మొదలుపెట్టాను. పేరు, వయసు, ఎన్నేళ్ళ అనుభవం అన్నీ చకచకా రాసేశాను. క్వార్టర్సులో మీతో ఉండబోయేవారు ఎందరు అన్న గడి వచ్చింది. అలవాటు కొద్దీ రాయబోయి ఆగి, కలం మీకిచ్చాను. మీరు "ఒకరు" అని రాశారు. కలం ఎత్తలేదు. అయిపోయిందనుకుని కాగితం లాక్కోబోయాను. మీరు నా చెయ్యి పక్కకి తీసి, దాని పక్కనే ఇంకో మాట రాశారు.

"ప్రస్తుతానికి."

అది రాసి నా వైపు చూశారు. నేనేమీ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు. ఎన్నాళ్ళు పట్టినా సరే, మిగతాది మీరే చెప్పండి. నేను ఆగుతాను.

మీ
రైలుబండి